మధ్యాహ్నం మూడింటికే నెలాఖరు



ఈ పేజీకి ఏదైనా రాయమని మా అమ్మాయి క్లాస్ టీచర్ అడిగితే, "మా పిల్లలు ర్యాంకర్లు కాదు మేడమ్, నేనేం రాస్తాను?" అన్నాను. "మీ ఇంట్లో రోజూ మీరు చేసుకునేదే రాయండి. ఎవరికో ఒకరికి పనికొస్తుంది" అన్నారు. అందుకని రాస్తున్నాను.

నాకు ఆరేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉంది. పొట్టిగా ఎం.ఎస్. అంటారు. మాది విజయవాడ. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా వారిది బ్యాంకు ఉద్యోగం. అమ్మాయి ఏడో తరగతి, బాబు మూడో తరగతి. స్కూల్ బస్సు దగ్గర మీలో కొందరు నన్ను చూసే ఉంటారు. చూస్తే నాకు ఏదో జబ్బు ఉందని ఎవరూ అనుకోరు. ఈ జబ్బుతో ఉన్న పెద్ద చిక్కు కూడా అదే.

ఎలా మొదలైందంటే

2019 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ఎడమ కన్ను కదిపితే లోపల గుంజినట్టు నొప్పి వచ్చింది. రెండు రోజుల్లో ఆ కంటితో చూస్తే ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు అయిపోయింది. తాలింపులో ఎండుమిరపకాయలు వేస్తూ, అనుమానం వచ్చి కుడికన్ను మూసి చూశాను. ఎర్రగా ఉండాల్సిన కాయలు వెలిసిపోయిన గుడ్డముక్కల్లా కనిపించాయి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే అద్దాలు రాయలేదు, ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. అక్కడి నుంచి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. నడుం దగ్గర సూదితో వెన్నునీరు తీసి పరీక్ష చేశారు. ఎం.ఎస్. అని తేల్చారు. ఐదు రోజులు సెలైన్‌లో స్టిరాయిడ్ ఎక్కించారు. రెండు నెలల్లో చూపు చాలావరకు తిరిగొచ్చింది.

డాక్టరు గారు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. మన నరాలు కరెంటు తీగల్లాంటివి. వాటి మీద మయలిన్ అనే పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటుపడి ఆ పొర మీదే దాడి చేస్తుంది. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఎక్కడ పొర ఊడితే అక్కడ కబురు ఆలస్యంగా వెళ్తుంది, ఒక్కోసారి అసలు వెళ్లదు. అందుకే ఎం.ఎస్. ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండదు. ఒకరికి చూపు, ఒకరికి నడక, ఒకరికి తిమ్మిర్లు. ఇది అంటువ్యాధి కాదు. చాలామందికి 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే సరిగ్గా పిల్లల డైరీల్లో సంతకాలు పెట్టే వయసులో వస్తుందన్నమాట. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. దాడులు తగ్గించే మందులు ఉన్నాయి, వాటితోనే నేను ఉద్యోగం చేసుకుంటున్నాను.

పిల్లలకి చెప్పొద్దని మేమిద్దరం ఆ రోజే అనుకున్నాం. "అమ్మ కంటికి ఇన్‌ఫెక్షన్" అన్నాం. మా అత్తయ్యగారు ఇంకో అడుగు ముందుకేసి, "బయట ఎవరికీ చెప్పకు, రేపు అమ్మాయి పెళ్లికి అడ్డొస్తుంది" అన్నారు. అప్పటికి అమ్మాయికి ఆరేళ్లు, ఒకటో తరగతి! నవ్వొస్తుంది గానీ, నేనూ ఆ మాటే విన్నాను. స్కూల్లో చెప్పలేదు, అపార్ట్‌మెంట్‌లో చెప్పలేదు. కాళ్లు తడబడితే "చెప్పు జారింది" అనేదాన్ని. ఫంక్షన్‌కి వెళ్లలేకపోతే "జీఎస్టీ రిటర్నులు" అనేదాన్ని. జబ్బుకి అయ్యే ఓపిక కంటే దాన్ని దాచడానికి అయ్యే ఓపికే ఎక్కువైంది.

మెట్ల మీద

2023 ఆగస్టులో పీటీఎం. అమ్మాయి ఆరో తరగతి. క్లాసు మూడో అంతస్తులో. ఆ రోజు ఉక్కపోత మీకు చెప్పక్కర్లేదు, బెజవాడలో ఉన్నవాళ్లకి తెలుసు. రెండో అంతస్తు ఎక్కేసరికి నా కుడికాలు నా మాట వినడం మానేసింది. మెట్టు మీద కూర్చుండిపోయాను. పైకి వెళ్లేవాళ్లు, కిందికి దిగేవాళ్లు పక్కకి తప్పుకుని వెళ్తున్నారు. అమ్మాయితో, "నువ్వు వెళ్లు. అమ్మకి ఆఫీసు నుంచి అర్జంటు ఫోన్ వచ్చి వెళ్లిపోయిందని మేడమ్‌కి చెప్పు" అన్నాను. అది ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని ఒక్కతే పైకి వెళ్లింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక పిల్లల గదిలోంచి మాటలు వినిపించాయి.

"అక్కా, నా పీటీఎంకి అమ్మ వస్తుందా?"

"అమ్మని రమ్మనకురా. వస్తే అమ్మకి ఇంకా ఎక్కువవుద్ది."

"ఏం ఎక్కువవుద్ది?"

"అమ్మ కన్ను నా వల్లే పాడైంది. నేను బాల్ కొట్టాను. అప్పట్నుంచే అమ్మకి బాలేదు."

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. 2019 సంక్రాంతి సెలవుల్లో డాబా మీద ప్లాస్టిక్ బ్యాటుతో ఆడుతూ అది కొట్టిన బంతి నా ఎడమకంటి పక్కన తగిలింది. కాసేపు నీళ్లతో కడుక్కుని మర్చిపోయాను. మూడు వారాలకి అదే కన్ను మసకబారింది. ఇంట్లో పెద్దవాళ్లందరూ గుసగుసలు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆరేళ్ల పిల్ల ఆ రెండింటినీ తనే కలుపుకుంది. నాలుగున్నరేళ్లు ఆ మాట ఎవరికీ చెప్పకుండా మోసింది. అడగకుండానే నాకు మంచినీళ్లు తెచ్చిస్తుంటే, బుద్ధిమంతురాలు అని మురిసిపోయాను నేను.

పిల్లలకి మనం చెప్పకపోతే వాళ్లకి తెలియకుండా ఉంటుందనుకుంటాం. వాళ్లకి ఏదో జరిగిందని తెలుస్తూనే ఉంటుంది. ఎందుకు జరిగిందో మాత్రం వాళ్లే ఊహించుకుంటారు. ఆ ఊహలో తప్పు చాలాసార్లు వాళ్లదే అవుతుంది.

మర్నాడు ఆదివారం. పాత ఫోన్ ఛార్జరు ఒకటి తీశాను. దాని వైరు మీద తొడుగు చిట్లిపోయి ఉంది. ఇలా వంచితే ఛార్జింగ్ ఎక్కుతుంది, అలా వంచితే ఆగిపోతుంది. "అమ్మ నరాలు ఇలా ఉన్నాయి. కొన్నిసార్లు కాలు బాగా పనిచేస్తుంది, కొన్నిసార్లు చెయ్యదు. బద్ధకం కాదు, నాటకం కాదు" అన్నాను. చిన్నోడు అడిగిన మూడు ప్రశ్నలూ రాస్తాను. ఏ ఇంట్లోనైనా పిల్లలు అడిగేవి అవే. "మాకు అంటుకుంటుందా?" అంటుకోదు. "మేం పెద్దయ్యాక మాకూ వస్తుందా?" అమ్మకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువ, కానీ ఎం.ఎస్. ఉన్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమందికి రాదు. "నువ్వు చచ్చిపోతావా?" దీంతో చాలామంది చాలా ఏళ్లు బతుకుతారు, నేనూ మందు మానను.

బంతి సంగతి నేను చెబితే నమ్మదేమోనని, తర్వాతి అపాయింట్‌మెంట్‌కి అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. "బంతి తగిలితే ఎం.ఎస్. రాదమ్మా" అన్నారు డాక్టరు గారు. "ష్యూరా అంకుల్?" అని రెండుసార్లు అడిగింది. ఏడవలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పట్టపగలు అది అలా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏదీ దాపరికం లేదు. ఇప్పుడు మేం పాటించే పద్ధతులు రాస్తాను. ఎం.ఎస్. ఉన్నవాళ్లకే కాదు, కీళ్లవాతం, థైరాయిడ్, ఆపరేషన్ తర్వాతి నీరసం ఉన్నవాళ్లకి కూడా వీటిలో కొన్ని పనికొస్తాయి. మందుల విషయం మాత్రం మీ డాక్టరు గారి మాటే వినండి.

ఓపికకి బడ్జెట్

ఎం.ఎస్. అలసట పని చేస్తే వచ్చే అలసట కాదు. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినా ఉంటుంది. నేను లెక్కలు రాసేదాన్ని కాబట్టి పిల్లలకి ఇలా చెప్పాను: "అమ్మకి ఓపిక జీతం రోజూ పొద్దున్నే పడుతుంది. అందరికీ రాత్రి దాకా వస్తే, అమ్మకి మధ్యాహ్నం మూడింటికే నెలాఖరు వచ్చేస్తుంది." అప్పటి నుంచి సాయంత్రం చిన్నోడు బస్సు దిగి రాగానే, "అమ్మా, నెలాఖరా?" అని అడుగుతాడు. అవునంటే బ్యాగు వాడే మోసుకుంటాడు.

నెలాఖరు అని తెలిసినప్పుడు ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? ముఖ్యమైనవి ముందు కడుతుంది, మిగతావి వాయిదా వేస్తుంది. నేనూ అంతే. రోజుకి రెండే పెద్ద పనులు. ఆఫీసు ఒకటి, ఇంకొకటి ఏదో ఒకటి. బట్టలు ఉతికిన రోజు బజారు లేదు. పెళ్లికి వెళ్లాల్సిన రోజుకి ముందు రోజూ, తర్వాతి రోజూ ఖాళీగా ఉంచుకుంటాను. మధ్యాహ్నం అరగంట పడుకుంటాను. మా ఆడిటర్ గారికి విషయం చెప్పాక, మధ్యాహ్నం దాకా ఆఫీసు, మిగతాది ఇంటి నుంచి చేసుకోమన్నారు. ప్రతినెలా 20వ తేదీ దగ్గరి హడావుడికి ముందే సగం పని ముగిస్తాను. ఓపిక బాగున్న రోజు అన్నీ ఒకేసారి చేసేయాలనిపిస్తుంది. అప్పు చేసినట్టే అది. మర్నాడు వడ్డీతో కట్టాలి.

అలాగని కదలకుండా కూర్చోవడం కూడా మంచిది కాదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన కాళ్ల వ్యాయామాలు పొద్దున చల్లగా ఉన్నప్పుడే పావుగంట చేస్తాను. మానేసిన వారం కాళ్లు బిగుసుకుపోవడం నాకే తెలుస్తుంది.

ఎండ, వేడినీళ్లు

దీని గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఆ ఏడాది దీపావళి నాడు తెల్లవారుజామున మా అత్తయ్యగారు నలుగుపెట్టి, పొగలు కక్కే నీళ్లతో తలంటు పోశారు. బయటికి వచ్చేసరికి ఎడమకంటికి దీపాలు మసకమసకగా కనిపించాయి. మళ్లీ మొదలైందని వణికిపోయాను. గంటలో మామూలైపోయింది.

పొర దెబ్బతిన్న నరం వేడెక్కితే ఇంకా మందగిస్తుందట. విల్హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే, శ్రమపడ్డాక చూపు మసకబారే రోగుల గురించి రాశాడు. తర్వాత వేడికీ అంతే అని తెలిసింది. ఎం.ఆర్.ఐ.లు లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి ఎం.ఎస్. ఉందో లేదో చూసేవారట. వేడి వల్ల కొత్తగా నరం పాడవదు, ఒళ్లు చల్లబడగానే పాత స్థితికి వస్తుంది. ఈ ఒక్క మాట తెలిస్తే సగం భయం పోతుంది.

రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఊరు మాది. కాబట్టి మా పద్ధతులివి. తలంటు గోరువెచ్చటి నీళ్లతోనే. వంట పొద్దున ఏడులోపు ముగించాలి. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి పోను. బ్యాగులో తడి నాప్‌కిన్ ఉన్న చిన్న డబ్బా ఉంటుంది, మెడ చుట్టూ వేసుకుంటే పది నిమిషాల్లో కాలు తేలికవుతుంది. బయలుదేరే ముందు ఒక గ్లాసు చల్లటి నీళ్లు తాగుతాను. ఏసీ వేసుకోవడం విలాసమని మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు దాని కరెంటు బిల్లు మందుల ఖర్చు కిందే రాస్తున్నాను. ఏటా దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లన్నీ ఎక్కేదాన్ని. ఇప్పుడు రద్దీ తగ్గాక, లిఫ్టులో వెళ్తున్నాను. అమ్మవారు ఏమీ అనుకోలేదు.

వంటింట్లో

స్టవ్ పక్కన ఎత్తు స్టూలు వేయించాను. నిలబడి చేసే వంటలో సగం కూర్చుని చేయొచ్చని నాకు ముప్పై నాలుగేళ్లకి తెలిసింది. కత్తిపీట అటకెక్కింది, కింద కూర్చుంటే లేవడం కష్టం. ఇప్పుడు బల్ల మీదే చాకుతో తరుగుతాను. ఆదివారం పిల్లలిద్దరూ టీవీ చూస్తూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తారు, గోంగూర తుంచుతారు. దోసెల పిండి బయట కొంటాం. బియ్యం 25 కిలోల బస్తా కాకుండా ఐదు కిలోల సంచులు తెస్తాం. నిండు బకెట్ ఒకటి మోసే బదులు సగం బకెట్లు రెండు.

నా కుడిచేతి వేళ్లకి స్పర్శ తక్కువ. గిన్నె వేడిగా ఉందో లేదో ఆ చెయ్యి చెప్పదు, కాలాక బొబ్బ చూసి తెలుసుకోవాలి. అందుకని మా ఇంట్లో నియమం: స్టవ్ మీది గిన్నె ఏదైనా పట్టకారతోనే దించాలి, చల్లగా ఉన్నా సరే. నీళ్ల వేడి మోచేత్తో చూస్తాను, పసిపిల్లల స్నానానికి చూసినట్టు.

నడక, చెప్పులు, బాత్రూమ్

హవాయి చెప్పులు పారేశాను. పాదానికి తిమ్మిరి ఉంటే చెప్పు జారిపోయినా తెలియదు, ఒకసారి వన్‌టౌన్‌లో ఒంటి చెప్పుతో పది అడుగులు నడిచాను. వెనక పట్టీ ఉన్నవే వేసుకుంటాను. బాత్రూమ్‌లో రెండు స్టీలు కడ్డీలు, జారని మ్యాటు, రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టించాం. వాటిని ఇప్పుడు మా అత్తయ్యగారే నాకంటే ఎక్కువ వాడుతున్నారు. తల బాగా వంచితే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు అవుతుంది, అందుకని చిన్నోడి హోంవర్క్ నేల మీద కాకుండా డైనింగ్ టేబుల్ మీదే.

రాయడానికి సిగ్గుపడుతున్న విషయం ఒకటుంది. ఎం.ఎస్. ఉన్న చాలామందికి మూత్రం అర్జంటుగా వస్తుంది, ఆపుకోవడం కష్టం. భయపడి నీళ్లు తాగడం మానేసేదాన్ని. అది తప్పు. నీళ్లు తగ్గితే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఇన్‌ఫెక్షన్ వస్తే మిగతా బాధలన్నీ పెరుగుతాయి. ఇప్పుడు రెండు గంటలకోసారి, అవసరం ఉన్నా లేకపోయినా వెళ్తాను. కాఫీ పొద్దున ఒక్కటే. ఎక్కడికెళ్లినా ముందు టాయిలెట్ ఎక్కడుందో చూసుకుంటాను. దీనికి మందులు కూడా ఉన్నాయి, డాక్టరు దగ్గర సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి ఏడాది పోగొట్టుకున్నాను.

మరుపు

లెక్కల్లో తప్పులు పట్టే నాకు, బీరువా తాళం ఎక్కడ పెట్టానో గుర్తుండని రోజులొచ్చాయి. ఇదీ ఎం.ఎస్.లో భాగమేనట. ఫ్రిజ్ మీద తెల్లబోర్డు పెట్టాం. స్లిప్ టెస్టులు, ఫీజు తేదీలు, నా ఇంజెక్షన్ రోజు, గ్యాస్ బుకింగ్, అన్నీ దాని మీదే. స్కూల్ యాప్‌లో మెసేజ్ రాగానే బోర్డు మీద ఎక్కించే బాధ్యత అమ్మాయిది. తాళాలకి ఒకటే మేకు. ఫోన్ మాట్లాడుతూ వంట చేయను. మా ఇంట్లో ఎవరూ ఇప్పుడు "నేను చెప్పాగా" అనరు, "బోర్డు చూడు" అంటారు. గొడవలు సగానికి తగ్గాయి.

జ్వరం, మందు

నా మందు రోగనిరోధక శక్తిని కొంత తగ్గించి ఉంచుతుంది. మామూలు జ్వరం వచ్చినా నా పాత లక్షణాలన్నీ లేచి కూర్చుంటాయి. అది కొత్త దాడి కాదు, జ్వరం తగ్గగానే తగ్గుతుంది. జ్వరం ఏమీ లేకుండా కొత్త ఇబ్బంది వచ్చి 24 గంటలు దాటినా పోకపోతే మాత్రం ఆగకుండా న్యూరాలజిస్టుకి ఫోన్ చేయాలి. టీకాలు ఏవి వేయించుకోవచ్చో కూడా వాళ్లనే అడగాలి.

ఇక్కడ మీ అందరికీ ఒక విన్నపం. యూనిట్ టెస్టు పోతుందని జ్వరం ఉన్న పిల్లలకి పారాసిటమాల్ వేసి బస్సెక్కించకండి. నేనూ ఒకప్పుడు చేశాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆ క్లాసులో ఏదో ఒక పిల్లవాడు ఆ జ్వరాన్ని నాలాంటి అమ్మ దగ్గరికి, కీమో తీసుకుంటున్న నాన్న దగ్గరికి, ముసలి తాతయ్య దగ్గరికి మోసుకెళ్తాడు.

మందు ఖరీదైనదే. అందుకే బంధువులు ఆకుపసర్లు, కషాయాలు ఎన్నో చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. "మీరు చెప్పింది డాక్టరు గారిని అడుగుతాను, ఇంజెక్షన్ మాత్రం మానను" అంటాను. బాగున్నప్పుడు మందెందుకు అనిపించడమే ఈ జబ్బులో ప్రమాదం. బాగుండేది మందు వల్లే కావచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎం.ఎస్. ఉంది. మెడికల్ బోర్డు 40 శాతం, అంతకుమించి ఉందని తేలిస్తే ఆ చట్టం కింద కొన్ని ప్రత్యేక సదుపాయాలకు అర్హత వస్తుంది. మన దగ్గర సదరం సర్టిఫికెట్ అంటే అదే. 1985 నుంచి పనిచేస్తున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. అలాంటి చోట ఇంకొకరితో మాట్లాడితే, మనం ఒక్కళ్లమే కాదని తెలుస్తుంది. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. వచ్చే మే 30 ప్రపంచ ఎం.ఎస్. దినం.

మళ్లీ ఆ మెట్ల దగ్గరికి

పిల్లలకి చెప్పిన రెండు నెలలకి అమ్మాయి నాకు తెలియకుండా ప్రిన్సిపాల్ గారికి ఇంగ్లీషులో ఒక లెటర్ రాసింది. మా అమ్మకి నరాల జబ్బు ఉంది, మెట్లు ఎక్కలేదు, పీటీఎం కింద గదిలో పెట్టగలరా అని. క్లాస్ టీచర్ ఒక్క స్పెల్లింగ్ దిద్ది పైకి పంపారు. తర్వాతి పీటీఎంకి, మెట్లు ఎక్కలేనివాళ్లు ఆఫీసు పక్క గదిలో కూర్చోవచ్చని, టీచర్లే కిందికి వస్తారని అందరికీ మెసేజ్ వచ్చింది.

నేను ఒక్కదాన్నే ఉంటాననుకుని వెళ్లాను. అప్పటికే అక్కడ నలుగురున్నారు. మోకాలి ఆపరేషన్ అయిన ఒక తాతయ్యగారు, నెలలు నిండిన ఒకావిడ, గుండెకి స్టెంట్ వేయించుకున్న ఒకాయన, కారణం చెప్పని ఇంకొకావిడ. ఇన్నాళ్లూ వీళ్లంతా ఏం చేశారు? నాలాగే ఏదో అబద్ధం చెప్పి పిల్లల్ని ఒంటరిగా పైకి పంపారా? మేమెవరం అడగలేదు కాబట్టి స్కూలుకి తెలియలేదు. పదకొండేళ్ల పిల్ల అడిగింది, తెలిసింది.

మీ ఇంట్లో కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. జబ్బే కావచ్చు, అప్పు కావచ్చు, ఉద్యోగం పోవడం కావచ్చు. పిల్లలకి అన్ని వివరాలూ అక్కర్లేదు. మూడు ముక్కలు చాలు: ఏం జరిగింది, అది నీ తప్పు కాదు, మనం ఏం చేస్తున్నాం. రెండోది మాత్రం మర్చిపోకండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.

స్కూల్ మెట్ల మీద ఎవరైనా కూర్చుని కనిపిస్తే, "ఏమైందండీ?" అని గుచ్చి గుచ్చి అడగక్కర్లేదు. "మంచినీళ్లు తెమ్మంటారా?" అంటే చాలు. ఆ రోజు ఆ ఒక్క మాట ఎవరైనా అని ఉంటే, నేను మా అమ్మాయి చేత అబద్ధం చెప్పించేదాన్ని కాదేమో.

ఈ వ్యాసం రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, రోజుకి అరగంట చొప్పున. పూర్తయ్యాక అమ్మాయికి చదివి వినిపించి, "బంతి సంగతి తీసేయమంటావా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఉండనీ అమ్మా. ఇంకెవరైనా అలా అనుకుంటున్నారేమో" అంది.

అందుకే ఉంచాను.

— ఏడో తరగతి, మూడో తరగతి పిల్లల తల్లి, విజయవాడ